క్లౌడన్న

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ పని గురించి మైకు ముందు మాట్లాడేవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సభ మాదాపూర్‌లో పెట్టినా గచ్చిబౌలిలో పెట్టినా వాళ్లే వస్తారు. అందులో ఒకడు మా క్లౌడన్న. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, సొంతూరు మొగుడంపల్లి పోరగాళ్లు పెట్టిన పేరే నిలిచింది.

మనిషిని గుర్తుపట్టడం తేలిక. కింద జీన్సు, తెల్ల బూట్లు, పైన కోటు. మెడలో పోయిన వారం సభ తాలూకు ఐడీ కార్డు. చేతిలో స్లైడ్లు మార్చే సొంత క్లిక్కర్. నిర్వాహకులిచ్చే క్లిక్కర్‌ను ఆయన నమ్మడు. సంచిలో రకరకాల అడాప్టర్లు. ఇన్ని ఉన్నా ల్యాప్‌టాప్‌ను తెరకు తగిలించేసరికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ హాలంతా ఆయన డెస్క్‌టాప్ మీదున్న కొడుకు పుట్టినరోజు ఫొటో చూస్తూ కూర్చుంటుంది.

పరిచయం ఎప్పుడూ ఊరితోనే మొదలు. "నేనొక మారుమూల పల్లెటూరి వాణ్ణి" అంటాడు. ముంబై హైవే దగ్గర్లోనే ఉందన్న సంగతి చెప్పడు. ఒకప్పుడు ఆ పరిచయం స్లైడ్ మీద 'జహీరాబాద్ మండలం, మెదక్ జిల్లా' అని ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక 'మొగుడంపల్లి మండలం, సంగారెడ్డి జిల్లా' అయింది. ఇన్నేళ్లలో ఆ ప్రసంగానికి జరిగిన పెద్ద మార్పు అదొక్కటే.

తర్వాత చేతులెత్తించడం. "ఇక్కడ క్లౌడ్ వాడేవాళ్లు ఎంతమంది?" అందరూ ఎత్తుతారు. "క్లౌడ్ అంటే ఏంటో తెలిసినవాళ్లు?" సగం చేతులు దిగుతాయి. దిగిన చేతులను చూసి అన్న తృప్తిగా నవ్వుతాడు. దింపకుండా ఉంచిన చేతుల జోలికి పోడు.

ఇక నూనె గొడవ. డేటా కొత్త చమురు అని 2006లో క్లైవ్ హంబీ అనే బ్రిటిష్ గణితవేత్త అన్నాడు. శుద్ధి చేస్తేనే అది పనికొస్తుందన్నది ఆయన మాటలో రెండో సగం. అన్న మొదటి సగంతోనే ఇరవై నిమిషాలు నడిపేస్తాడు. ఆ వెనకే 'వి'లు వస్తాయి. 2001లో డగ్ లేనీ అనే విశ్లేషకుడు డేటాతో వచ్చే చిక్కులను వాల్యూమ్, వెలాసిటీ, వెరైటీ అని ఇంగ్లిష్ 'వి'తో మొదలయ్యే మూడు మాటల్లో తేల్చాడు. అంటే డేటా కుప్పలుగా వస్తుంది, వేగంగా వస్తుంది, రకరకాలుగా వస్తుంది. అట్లాంటి దాన్నే బిగ్ డేటా అంటారు. సభసభకూ ఒకటి చొప్పున చేరుతూ ఆ 'వి'లు అన్న దగ్గర ఏడయ్యాయి. ఏడోది ఏమిటో ఇంతవరకు ఎవరూ వినలేదు. అప్పటికి బయట బిర్యానీ మూతలు తీస్తారు.

స్థానిక ఉదాహరణ కావాలంటే సమగ్ర కుటుంబ సర్వే ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ రాష్ట్రమంతా ఒక్కరోజులో ఇంటింటి లెక్క తీశారు. బతకబోయిన వాళ్లంతా బస్సుల మీద పడి సొంతూళ్లకు వచ్చారు. "అదీ బిగ్ డేటా అంటే!" అని అన్న బల్ల గుద్దుతాడు. ఆ రోజు ఆయన చేసిందల్లా, ఊరికొచ్చి ఎన్యూమరేటర్ కోసం పొద్దుగూకే దాకా గడపలో కూర్చోవడం.

క్లౌడ్ స్లైడ్ మీద నీలాకాశం, తెల్లమబ్బు. అసలు సంగతి నేల మీద ఉంది. కంప్యూటర్లు కొనుక్కునే పని లేకుండా, వాడుకున్న మేరకే అద్దె కట్టే పద్ధతిని అమెజాన్ 2006లో పెట్టింది. అదే సంస్థ 2022 నవంబరులో హైదరాబాద్ పేరుతో ఒక రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, తెరిచింది. షాబాద్ మండలం చందన్‌వెల్లిలో దాని డేటా సెంటర్ ఉంది. అట్లాంటి చోట ఉండేవి బారులు తీరిన సర్వర్లు, వాటి వేడి తగ్గించడానికి రాత్రింబవళ్లు తిరిగే యంత్రాలు, కరెంటు పోతే అందుకోవడానికి జనరేటర్లు, తాళాలు, కాపలా. ఇవన్నీ చెబితే ప్రసంగంలో గాలి తగ్గుతుందని అన్న భయం. అందుకే మబ్బు దగ్గరే ఆగుతాడు. లైవ్ డెమో మొదలుపెట్టగానే హోటల్ వైఫై పోతుంది. ఎట్లాగూ పోతుందని తెలుసు కాబట్టి స్క్రీన్‌షాట్లు ముందే పెట్టుకొస్తాడు.

ఆఖర్న 'స్మార్ట్ రైతు' స్లైడ్. అల్లం చేనులో తలపాగా కట్టుకుని ఒక పెద్దమనిషి ఫోను చూస్తుంటాడు. ఆయన అన్నకు సొంత కాక. దసరాకు ఊరికి పోయినప్పుడు తన ఫోనే ఆయన చేతిలో పెట్టి, తన భార్య ఫోనుతో తీసిన బొమ్మ అది. కాకకున్నది బటన్ల ఫోను. ఇంటి వెనక నిలబడితే కర్ణాటక టవర్ అందుకునే రకం.

ఒకసారి కంటి డాక్టర్‌కు చూపించుకోవడానికి హైదరాబాద్ వచ్చిన కాకను అన్న వెంటబెట్టుకుని సభకు తీసుకొచ్చాడు. కాక వెనక వరుసలో కూర్చుని బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుంటున్నాడు. అంతలో తెర మీద తనే కనబడ్డాడు. పక్కన పెద్ద అక్షరాలు: నేల తేమ, వాన జాడ, మార్కెట్ ధర, అన్నీ రైతు అరచేతిలో! ప్రశ్నల వేళ మైకు చేతులు మారుతూ కాక దాకా వచ్చింది.

"గదంత మంచిగున్నది గని బిడ్డా, ఎల్లుండి జహీరాబాద్‌ల అల్లం క్వింటల్ ఎంత పలుకుతది?"

హాలు నవ్వింది. పొద్దుట్నుంచి అక్కడ ఎవరైనా అడిగిన వాటిల్లో అంకె కావాల్సిన ప్రశ్న అదొక్కటే. అన్న గొంతు సవరించుకుని, "గ్రేట్ క్వశ్చన్. చాలా అంశాల మీద ఆధారపడి ఉంటుంది. ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అన్నాడు.

"అంటే ఎర్కలేదని చెప్పరాదు?" అని కాక మైకు ఇచ్చేశాడు.

అన్నకు ఏమీ రాదనుకుంటే పొరపాటు. పని చేతికిస్తే చేసేవాడే. కాకపోతే సొంత పాఠం ఆయనకు తలకెక్కింది మాత్రం కాక భార్య, అంటే కాకి, దగ్గర. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో ఉన్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ల మాదిరే కాకి కూడా జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలు బూడిదా వేపాకూ కలిపి బుట్టల్లో దాస్తుంది. "పురుగు పడితే ఎట్ల కాకీ?" అని అడిగాడు. "మీ అక్కింట్ల కొన్ని ఇచ్చి పెట్టిన, పక్కింట్ల కొన్ని ఉన్నయి. మూడిండ్లకు ఒక్కపారే పడుతదా పురుగు?" అంది. అన్న నోరు తెరిచాడు. డగ్ కటింగ్ తన కొడుకు బొమ్మ ఏనుగు పేరు పెట్టిన హడూప్ అనే డేటా దాచే సాఫ్ట్‌వేర్ కూడా, మనం వేరే చెప్పకపోతే, ప్రతి డేటా ముక్కనూ మూడు చోట్లే దాస్తుంది. ఏనుగు కథ వందసార్లు చెప్పి నవ్వించినవాడికి ఆ మూడు ఎందుకో ఆ రోజు తెలిసింది.

మరుసటి సభకు కాకి బుట్టలు స్లైడయ్యాయి. చప్పట్లు మారుమోగాయి. స్లైడ్ అడుగున చిన్న అక్షరాలు: 'సౌజన్యం: ఇంటర్నెట్'.

ఇప్పుడు గాలి ఏఐ వైపు తిరిగింది. అన్న కొత్త ప్రసంగం రాసే శ్రమ పెట్టుకోలేదు. ఫైల్ తెరిచి 'బిగ్ డేటా' అన్న చోటల్లా 'జనరేటివ్ ఏఐ' పడేట్టు ఒక్క మీట నొక్కాడు. 'బిగ్ డేటాలో 15 ఏళ్ల అనుభవం' కాస్తా 'జనరేటివ్ ఏఐలో 15 ఏళ్ల అనుభవం' అయి కూర్చుంది. నిర్వాహకులు దాన్ని అట్లాగే చదివారు, శాలువా కప్పారు, మొక్క చేతిలో పెట్టారు. ఇదెట్లా కుదురుతుందని అడగాల్సిన ఒకే ఒక్క మనిషిని ఈసారి అన్న వెంట తీసుకురాలేదు.