ఒకే వాగ్దానం, వేయి వ్యాఖ్యానాలు: రెండు వేల నోటు ఆత్మకథ

కరెన్సీ నోటు విలువను మోసే కాగితం మాత్రమే కాదు. దానిని తెచ్చి చూపినవారికి అంత మొత్తం చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు చేసే లిఖిత వాగ్దానం కూడా. ఆ వాగ్దానంలో ‘నేను’ అన్న మాట గవర్నరుదే గాని నోటుది కాదు. అందుచేత రెండు వేల రూపాయల నోటు తన జీవితాన్ని తానే చెప్పుకోవలసి వచ్చినపుడు, తనది కాని ఆ సర్వనామాన్ని అరువు తెచ్చుకోకుండా, తనను ‘ఈ నోటు’ అని మాత్రమే పేర్కొంటున్నది. దాని మీద అచ్చయిన వాగ్దానం ఒక్కటే. మిగిలిన మాటలన్నీ ఇతరులు దాని నోట పెట్టినవి.

ఈ నోటు పుట్టుక 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని నరేంద్ర మోదీ చేసిన ప్రసంగంతో లోకానికి తెలిసింది. ఆ అర్ధరాత్రి నుంచి పాత 500, 1000 రూపాయల నోట్లకు చట్టబద్ధ చెల్లుబాటు, అనగా బాకీ తీర్చడానికి ఇచ్చినపుడు ఎదుటివారు కాదనకుండా పుచ్చుకోవలసిన హోదా, రద్దయింది. అలా రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్ల రూపాయలు, నాటి మొత్తం చలామణిలో సుమారు 86 శాతం. ఆ ఖాళీని త్వరగా పూడ్చడానికి ముదురు గులాబి రంగుతో, ముందు గాంధీజీ చిత్రంతో, వెనుక మంగళయాన్ బొమ్మతో, పదిహేను భాషల పట్టికలో తమిళానికీ ఉర్దూకూ నడుమ తెలుగు అక్షరాలతో ఈ నోటు ప్రజల చేతికి వచ్చింది.

రాక ఆర్భాటంగానే జరిగినా బజారులో దాని తొలి అనుభవం ‘చిల్లర లేదు’ అన్న మాటే. పాత వెయ్యి నోటు కన్న దీని కొలతలు చిన్నవి కావడంతో, దేశంలోని రెండు లక్షలకు పైబడిన ఏటీఎంలలో నోట్ల పెట్టెలను దీనికి తగినట్లు సరిచేయవలసి వచ్చింది. ఒక కార్డుపై రోజుకు రెండు వేలే తీసుకోవాలన్న తొలి రోజుల పరిమితి వల్ల, గంటల తరబడి వరుసలో నిలిచిన మనిషికి దక్కినది తరచు ఈ ఒక్క నోటే. దానిని మార్చి ఇవ్వవలసిన వంద నోట్లు మాత్రం కొరతలో ఉన్నాయి. ఆ వరుసలను కొన్ని పత్రికలు జనం కష్టానికి సాక్ష్యంగా చూపగా, మరికొన్ని ఛానళ్లు అవే వరుసలను దేశం కోసం చేస్తున్న త్యాగంగా వర్ణించాయి. దృశ్యం ఒక్కటే అయినా, కింద వేసిన వాక్యాన్ని బట్టి దాని అర్థం మారింది.

ఈ నోటుకు లేని గుణాలను అంటగట్టిన ఘనత కూడా ప్రసార మాధ్యమాలకే దక్కుతుంది. దీనిలో నానో చిప్ ఉన్నదనీ, భూగర్భంలో దాచినా ఉపగ్రహం పసిగట్టగలదనీ కొన్ని టీవీ ఛానళ్లు బొమ్మలు గీసి మరీ వివరించాయి. అటువంటిదేదీ లేదని అధికారులు స్పష్టం చేయవలసి వచ్చింది. ఆ పుకారు ఎవరి మెదడులో పుట్టినప్పటికీ, నల్లధనం దాచుకోలేని నోటు వచ్చిందన్న భరోసాను అది జనంలో నింపింది. వెయ్యి నోటు కన్న రెండు వేల నోటుతో ధనం దాచుకోవడం మరింత సులువు కాదా అన్న సహజమైన ప్రశ్న కొంతకాలం దాని చాటున ఉండిపోయింది.

రాజకీయ పరిభాషలో ‘స్పిన్’ అంటే వాస్తవాన్ని మార్చకుండా, దానిని చూసే కోణాన్ని తిప్పి, ప్రజల తీర్పును తమవైపు మళ్లించుకోవడం. దీనిలో అబద్ధం ఆడవలసిన పని లేదు. కొలబద్దను మార్చితే చాలు. నోట్ల రద్దుకు తొలి ప్రసంగం చెప్పిన లక్ష్యాలు అవినీతి, నల్లధనం, నకిలీ నోట్లు, ఉగ్రవాదులకు అందే నిధులు. వారాలు గడిచేకొద్దీ నగదురహిత చెల్లింపులు అన్న లక్ష్యం ముందుకు వచ్చింది. తరువాత పన్ను చెల్లింపుదారుల సంఖ్య పెరగడం విజయ చిహ్నంగా నిలిచింది. ప్రతిపక్షం కూడా పదునైన పదబంధాలను తన ఆయుధాలుగా ఎంచుకొన్నది; మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ నవంబరు 24న రాజ్యసభలో రద్దు అమలైన తీరును వ్యవస్థీకృత దోపిడీగా అభివర్ణించి, వృద్ధి రేటు రెండు శాతం మేర తగ్గగలదని హెచ్చరించారు.

తెలుగునాట ఈ చర్చ మరో మలుపు తిరిగింది. పెద్ద నోట్లను రద్దు చేయాలని 2016 అక్టోబరులోనే ప్రధానికి లేఖ రాసిన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, డిజిటల్ చెల్లింపులపై ఏర్పడిన ముఖ్యమంత్రుల కమిటీకి నాయకత్వం వహించారు. అయినా డిసెంబరు నాటికి జనం ఇబ్బందులు తీరలేదన్న అసంతృప్తిని ఆయన బహిరంగంగానే వ్యక్తం చేశారు. విధానాన్ని సమర్థించడం, అమలును విమర్శించడం పరస్పర విరుద్ధాలు కావు. కాని అటో ఇటో తేల్చమని అడిగే టీవీ చర్చలో ఈ నడిమి మాటకు చోటు తక్కువ.

చివరకు లెక్క తేలింది. రద్దయిన నోట్లలో నాలుగైదు లక్షల కోట్లు తిరిగి రాకపోవచ్చన్న అంచనాను ప్రభుత్వ న్యాయవాది తొలినాళ్లలో సుప్రీంకోర్టు ముందుంచగా, 15.31 లక్షల కోట్లు, అంటే 99.3 శాతం, వెనక్కి వచ్చాయని రిజర్వు బ్యాంకు 2018 నివేదిక వెల్లడించింది. విమర్శకులకు ఇది వైఫల్యానికి రుజువు. బ్యాంకుకు చేరినంత మాత్రాన సొమ్ము తెల్లబడదనీ, దాని యజమాని ఎవరో తెలియడమే ప్రయోజనమనీ ప్రభుత్వ వాదన. ఈ రెండో మాటను తోసిపుచ్చలేము; అయితే అది ఫలితం తెలియక ముందే గట్టిగా వినబడి ఉంటే దాని బరువు వేరుగా ఉండేది. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు ధర్మాసనం 4-1 మెజారిటీతో రద్దు ప్రక్రియను సమర్థించగా, ఇది శాసనం ద్వారా జరగవలసిందని జస్టిస్ బి.వి. నాగరత్న విభేదించారు. తీర్పు తేల్చినది నిర్ణయం చేసిన పద్ధతి చెల్లుతుందా లేదా అన్నదే గాని లక్ష్యాలు నెరవేరాయా అన్నది కాదు; ఈ తేడాను ఆనాటి శీర్షికలు అన్నీ పట్టించుకోలేదు.

2018 మార్చి నాటికి 6.73 లక్షల కోట్ల విలువకు ఎదిగి, చలామణిలో 37.3 శాతంగా ఉన్న ఈ నోటు ముద్రణ ఆ తరువాతి ఆర్థిక సంవత్సరంలోనే ఆగిపోయింది. 2023 మే 19న దానిని చలామణి నుంచి ఉపసంహరిస్తూ రిజర్వు బ్యాంకు ఇచ్చిన ప్రకటన, ఆర్థిక వ్యవస్థ నగదు అవసరాన్ని వేగంగా తీర్చడానికే ప్రధానంగా ఈ నోటును ప్రవేశపెట్టామని చెప్పింది. ఆరున్నరేళ్ల పాటు ఎందరో ఎన్నో పాత్రలు కట్టబెట్టిన ఈ నోటు అసలు ఉద్యోగం, ఆ ఒక్క వాక్యం ప్రకారం, తాత్కాలికంగా గుంత పూడ్చడమే.

ఉపసంహరణ వేరు, రద్దు వేరు. 2016లో పాత నోట్ల చెల్లుబాటే పోయింది. ఈ నోటుకు మాత్రం అది కొనసాగుతుందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. బజారులో పుచ్చుకునేవారు అరుదైనా, హైదరాబాదుతో సహా రిజర్వు బ్యాంకు కార్యాలయాలు దానిని స్వీకరిస్తూనే వచ్చాయి. దాని పేరు మీద చేసిన పెద్ద మాటలలో ఏవి నిజమయ్యాయన్న చర్చ ఇంకా ముగియలేదు గాని, దాని ముఖాన అచ్చయిన చిన్న మాట, చెల్లిస్తానన్నది, చెల్లుతూనే ఉన్నది.