ఎర్రగీతలు ఆగిన చోటు

నా పేరు చెబితే గణితం ఎమ్మెస్సీ వాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు. హాఫ్‌మన్, కుంజే అని ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు రాసిన లీనియర్ ఆల్జీబ్రా పుస్తకాన్ని నేను. రెండో ఎడిషన్ 1971లో వచ్చింది. నేను దాని ఇండియన్ రీప్రింట్ ప్రతిని. కాగితం ఎంత పల్చనంటే, ఇటు సిద్ధాంతం చదువుతుంటే అటు పేజీలోని నిరూపణ కనబడుతుంది. అర్థం కావడం వేరే సంగతి.

ఇప్పటికి నన్ను ముగ్గురు కొన్నారు, ముగ్గురూ సొంతంగా చదువుకుందామనే. మొదటాయన "అన్నిటికంటే గట్టి పుస్తకం ఏది?" అని నలుగురినీ అడిగి మరీ కొన్నాడు. నేను ఫీల్డ్ నియమాలతో మొదలవుతాను. స్కేలు పెట్టి ఆయన గీసిన ఎర్రగీతలు రెండో అధ్యాయంలో, వెక్టర్ స్పేసుల దగ్గర ఆగిపోయాయి. రెండో ఆయన పెన్సిలు గీతలూ అక్కడే ఆగాయి. ఆపైన పేజీలన్నీ బీరువాలో దాచిన పట్టుచీర మడతలే.

తప్పు వాళ్లదనే చాన్నాళ్లు అనుకున్నాను. గర్వం మరి. కానీ నా వెనక లెక్కలకు జవాబులు లేవు. ఎం.ఐ.టి. విద్యార్థుల కోసం పుట్టినదాన్ని. వాళ్లకైతే ఎదురుగా మాస్టారుంటాడు. రాత్రి పదకొండింటికి వంటింట్లో కూర్చుని లెక్క చేసేవాడికి అది తప్పో ఒప్పో ఎవరు చెబుతారు?

ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నా పక్కన గిల్బర్ట్ స్ట్రాంగ్ రాసిన లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం పడి ఉంది. ఒకామె వచ్చి వంగింది.

"అన్నా, ఇదెంత?"

"రెండొందలియ్యి అక్కా."

బేరమాడలేదు. నన్ను మధ్యలోకి తెరిచి, సంచీలోంచి బిల్లు కాగితం తీసి, దాని వెనక ఒక లెక్క మొదలుపెట్టింది. కుదరలేదు. స్ట్రాంగ్‌ని తెరిచింది. రెండు సమీకరణాలుంటే రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో చూడమనడం మనందరికీ తెలిసిందే. ఆయన నిలువు వరసలు చూడమంటాడు. 2x + y = 5, x − y = 1 అనుకోండి. (2, 1) అనే వెక్టర్‌ని ఎన్నిసార్లు, (1, −1)ని ఎన్నిసార్లు తీసుకుని కలిపితే (5, 1) వస్తుంది? మొదటిది రెండుసార్లు, రెండోది ఒకసారి. ఆమె బిల్లు మీద బాణాలు గీసి నవ్వింది. ఆ నవ్వు నా పేజీల మీద ఎవరూ నవ్వలేదు.

ఇద్దర్నీ కొంది. స్ట్రాంగ్ బల్ల మీదికి, నేను అలమరలోకి. ఆయనకి పాఠాల వీడియోలు కూడా ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. ఫోన్లో ఆక్స్‌లర్ రాసిన లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం కూడా చేరింది; దాని నాలుగో ఎడిషన్‌ని రచయితే ఉచితంగా ఇచ్చేశాడు. డిటర్మినెంట్లను చివరిదాకా గుమ్మం తొక్కనివ్వడు. ఇంటర్‌లో నిర్ధారకాలతో కుస్తీ పట్టిన మనవాళ్లకి అది వింతే. ఆయనా రెండోసారి చదివేవాళ్లకేనని నా అభిప్రాయం.

ఆమె గురి వేరే. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి రాసిన పుస్తకం ఒకటుంది. విలోమం లేని మాత్రికలకూ ఒక రకం విలోమం చూపిస్తుంది. నా రెండో ఎడిషన్ వచ్చిన 1971లోనే వచ్చింది. అందాకా వెళ్లాలంటే నిరూపణలు సొంతంగా రాయడం రావాలి. అది నేర్పడంలో మాత్రం నేను ఎవరికీ తీసిపోను.

ఎనిమిది నెలల తర్వాత నన్ను దుమ్ము దులిపి కిందికి దించింది. పక్కన నోట్‌బుక్కు, అందులో కొట్టివేతలే ఎక్కువ. ఎర్రగీతలు ఆగిన చోటు దాటి వారాలైంది. ఇప్పుడు ఆరో అధ్యాయంలో బస్సు టికెట్టు పెట్టి ఉంది. అక్కడ నేను క్యారెక్టరిస్టిక్ వాల్యూ అన్నచోట, మార్జిన్లో చిన్నగా రాసుకుంది: "స్ట్రాంగ్ చెప్పిన ఐగెన్ వాల్యూ ఇదే."