ఊడల మర్ని

ఏప్రిల్ ఎండ. జిల్లా కేంద్రంలో పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్. గాలికి పేపర్లు ఎగురుతున్నాయని మా టేబుల్ మీది ఫ్యాన్ మేమే ఆపేసి, చెమటలు కక్కుతూ దిద్దుతున్నాం. పొద్దున 20, మధ్యాహ్నం 20, రోజుకు 40 పేపర్లు. మనం వేసిన మార్కులు కూడడానికి స్పెషల్ అసిస్టెంట్లు, మన మీద కన్నేసి ఉంచడానికి చీఫ్ ఎగ్జామినర్. మా జిల్లా పిల్లల పేపర్లు ఇంకో జిల్లాకు పోతాయి, ఎక్కడివో మా దగ్గరికి వస్తాయి. పేరుండదు, ఊరుండదు, కోడ్ నంబరొక్కటే.

తెలుగు పేపర్లో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అని ఒక భాగం ఉంటుంది. అది ఊరికే రాలేదు. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల సంచీ బరువు గురించి మొత్తుకుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువులు వద్దంది. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం అంది. ఇంతమంది పెద్దల మాటలు వడకట్టగా వడకట్టగా చివరికి మా పేపర్లో ఎనిమిది మార్కుల ప్రశ్నై కూర్చున్నాయి. కరపత్రం రాయండి, సంభాషణ రాయండి, ఆత్మకథ రాయండి. ఆ ఏడు వచ్చింది ఆత్మకథ: మీ ఊరి చెరువుది.

మొదటి పేపరు తీశాను.

‘నా వయసెంతో నాకు తెలీదు. గట్టు మీది ఊడల మర్నిని అడగండి. అదీ మరిచిపోయుంటే దాని ఊడని అడగండి.’

మర్రి బదులు మర్ని అని రాశాడు, పోనీలే. ఎనిమిదికి ఎనిమిది వేశాను. రెండో పేపర్లోనూ చెరువు మర్నినే అడగమంది. మూడో పేపరు కూడా అంతే. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి 20 పేపర్లలో 14 చెరువుల గట్ల మీద ఊడల మర్నిలు మొలిచాయి. తెలుగు నేల మీద అలాంటి చెట్టు లేదు. ఉన్నదల్లా ఒక అచ్చుతప్పు.

ఆ అచ్చుతప్పు ఎక్కడిదో నాకు బాగా తెలుసు. వెనకబడిన పిల్లలు గట్టెక్కాలని మా జిల్లాలో స్టడీ మెటీరియల్ తయారుచేసిన నలుగురు తెలుగు మాస్టార్లలో నేనొకణ్ణి. టైపు చేసినతను రాకి నా కొట్టాడు, ప్రూఫు చూసినవాడు చూడలేదు. ప్రూఫు చూసింది నేనే. ఆ పీడీఎఫ్ వాట్సాప్‌లో ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు ఈదిందో, ఒక గైడు వాడు కూడా ఎత్తి అచ్చేసుకున్నాడు. మర్ని మర్నిగానే.

మేం మాత్రం తక్కువ తిన్నామా? వంద రోజుల ప్రణాళికలో సాయంత్రం స్టడీ అవర్ పెట్టి ఆ చెరువుని రోజూ అప్పజెప్పించుకునేవాణ్ణి. నా దగ్గర పేర్ల లిస్టు, పక్కన గళ్ళు. అప్పజెప్పినవాళ్ళకి టిక్కు. ‘సి’ గ్రేడు పిల్లలు కూడా జనవరి సంక్రాంతికల్లా గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. ఒక్క పిల్ల మాత్రం మొదటి పేరా నీళ్ళలా చెప్పి, రెండో పేరాలోకి రాగానే ఆగిపోయేది. మూడుసార్లు ఇంపోజిషన్ రాయించాను. నాలుగోసారి లిస్టు పూర్తికావాలి గనక టిక్కు పెట్టేశాను. ఆ పిల్ల సంగతి మళ్ళీ చెప్తాను.

మధ్యాహ్నం కట్టలో ఒక పేపరు తగిలింది. అరపేజీ కూడా లేదు. చేతిరాత కోడి కెలికినట్టుంది.

‘నేను పోయినేడు వరకు చెరువుని. ఇప్పుడు నాలో రాళ్ళు పాతి నంబర్లు రాశారు. వాన పడితే నా ఇల్లు నాకు గుర్తొస్తుంది. రాత్రికొచ్చి అందరి మంచాల కింద పడుకుంటాను. తెల్లారి మోటారు పెట్టి తోడేస్తారు. నన్ను వరద అంటున్నారు.’

అంతే. అక్కడితో ఆపేశాడు. వాడో, అదో, ఎవరైతేనేం. పెన్ను కింద పెట్టి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ చదివాను. ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెప్తున్నాను, నేనైతే ఆ చివరి ముక్క రాయలేను. ఏడు వేశాను.

చీఫ్ ఎగ్జామినర్ వచ్చి పైనున్న పేపరే తీశాడు. మంచివాడు, నాకన్నా సీనియర్, ఖాళీ దొరికితే పద్యం ఎత్తుకునే మనిషి. “మాస్టారూ, దీనికి ఏడేంటి?”

“బాగా రాశాడండీ.”

“బాగుంది, కాదన్లేదు. స్కీము చూడండి. చెరువు పుట్టుక రెండు, ఉపయోగాలు రెండు, నేటి దుస్థితి రెండు, సందేశం రెండు. ఇందులో దుస్థితి తప్ప ఏముంది? పుట్టుకేదీ? సందేశమేదీ? రేపు రీ-వెరిఫికేషన్‌కి పెడితే మెమో మీకొస్తుందా, నాకొస్తుందా?”

సొంత భావాలకు మార్కులివ్వాలని అదే స్కీములో చివర ఒక వాక్యం ఉంది. చూపించాను. “అది అన్నిట్లోనూ ఉండేదేలెండి,” అన్నాడు. ఏడు కొట్టేసి మూడు వేశాను. నిజానికి రెండే రావాలి, ఒకటి దొంగతనంగా ఇచ్చాను. ఆ రోజంతా నేను చేసిన ధర్మం అదొక్కటే. తర్వాతి పేపరు తీశాను. ఊడల మర్ని. ఎనిమిది.

ఫలితాలొచ్చాయి. మా బడిలో తెలుగు నూటికి నూరు శాతం పాస్. ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ఫోటో కూడా ఉంది.

జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్ల టీసీ కోసం వచ్చింది. అదే, రెండో పేరాలో ఆగిపోయే పిల్ల. చేతిలో జిరాక్సు కాగితాలు. వెయ్యి రూపాయలు కట్టి తెలుగు పేపరు రీ-వెరిఫికేషన్‌కి పెట్టించారట వాళ్ళ నాన్న. మార్పేమీ లేదని రాసి, దిద్దిన పేపరు కాపీ పంపారు. ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. సర్కారు బడి పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు కూడా. అది కలిపినా ఆ పిల్లకి రెండు మార్కుల్లో పోయింది.

“ఎక్కడ తగ్గాయో చూస్తారా సార్?” అంటూ కాగితం నా ముందు పెట్టింది.

చెరువు ఆత్మకథ. ఎనిమిదికి మూడు. ఆ ఎర్రసిరా నాది కాదు. కానీ ఆ మూడు అంకె తోక నేను తిప్పినట్టే తిప్పాడు మహానుభావుడు, ఎవరో.

చదివాను. ఆ ఆత్మకథ చెరువు చెప్పడం లేదు. రోజూ మధ్యాహ్నం ముక్కు దాకా నీళ్ళలో మునిగి పడుకునే బర్రె చెప్తోంది. రెండున్నర పేజీలు. మధ్యలో రెండుచోట్ల నాకు నవ్వాగలేదు, చివర గొంతు పట్టేసింది. ఎండాకాలం వచ్చేకొద్దీ నీళ్ళు ముక్కు నుంచి మెడకి, మెడ నుంచి డొక్కకి, డొక్క నుంచి గిట్టకి దిగిపోతాయి. గిట్ట కూడా తడవని రోజున ఆ బర్రెని సంతకి తోలుకుపోతారు.

“చెరువు ఆత్మకథ అడిగితే బర్రె చేత చెప్పించావేమ్మా?”

“చెరువే చెప్పుకుంటే సొంత డబ్బా అవుతుంది కదా సార్.”

ఏమనాలో తెలియక, మాస్టర్ని కదా, మాస్టర్లా అడిగాను. “మెటీరియల్లోది ఉందిగా! అదైనా రాసుండాల్సింది. రాసినవాళ్ళందరికీ ఎనిమిది పడింది.”

ఆ పిల్ల తల దించుకుంది. నేనూ దించుకున్నాను. ఎందుకంటే, తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం మధ్యాహ్నం నోట్సు వెనక అట్ట మీద ‘నా వయసెంతో నాకు తెలీదు, గట్టు మీది ఊడల మర్రిని అడగండి’ అని రాసి నాకు చూపించింది ఆ పిల్లే. పొంగిపోయి ఆ అట్ట చింపుకెళ్ళి కమిటీలో పెట్టింది నేను. పేరు వేయలేదు. మెటీరియల్లో పిల్లల పేర్లు వేసే అలవాటు లేదు. మొదటి పేరా ఆమెదే ఉంచాం. రెండో పేరా మా నలుగురిదీ: పుట్టుక, ఉపయోగాలు, ‘కావున మిత్రులారా’.

“గుర్తు రాలేదా?” అన్నాను మెల్లగా.

“మొదటి పేరా వచ్చింది సార్. తర్వాతది ఎప్పుడూ రాలేదు కదా, మీకు తెలుసుగా. మర్రి అని రాయాలా, మర్ని అని రాయాలా అని కూడా అనుమానమొచ్చింది. అందుకే కొత్తది రాసేశాను.”

టీసీ మీద సంతకం పెట్టించి ఇచ్చాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“మా చెల్లి ఈ ఏడు పదికొచ్చింది సార్, మీ సెక్షనే. దానికి గట్టిగా చెప్పాను. అక్క రాసింది బట్టీ పట్టవే, అక్కలా మాత్రం రాయొద్దు అని.”