ఏ ఇంట్లో పడ్డాడో చెప్పండి, జాతకం చెబుతాం

నిరుడు ఏప్రిల్ 24, గురువారం సాయంత్రం ఏడింటికి మా ఫ్రిస్కో ఇంట్లో టీవీ ముందు ఇద్దరం కూర్చున్నాం. ఒకణ్ణి నేను, రెండోవారు తెనాలి నుంచి వచ్చిన మా మామగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పంచాంగం ఆయనకు వృత్తి కాదు, వ్యసనం. అంతకు నెల ముందే ఉగాదికి ఇక్కడి గుళ్లో పంచాంగ శ్రవణం చేశారు. పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు పంచిపెట్టి, వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లలో సగం మందికి వీసా గండం చెప్పి, ప్రసాదం డబ్బాతో ఇంటికొచ్చారు.

టీవీలో గ్రీన్ బే నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ వస్తోంది. అమెరికా ఫుట్‌బాల్‌లోని 32 జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను పేరు పెట్టి పిలుచుకునే తంతు ఇది. పిలిచిన జట్టుకు వెళ్లాల్సిందే. ఊరు నచ్చిందా, కోచ్ నచ్చాడా అని కుర్రాణ్ణి అడిగేవాడు లేడు. ఆరో పిలుపుకు మా ఊరి కుర్రాడి పేరు వచ్చింది. ఆష్టన్ జెంటీ. ఇక్కడి లోన్ స్టార్ హైస్కూల్లో చదివినవాడే. ఆ తర్వాత బాయిసీ స్టేట్ తరఫున ఒక్క సీజన్లో 2,601 గజాలు పరుగెత్తాడు. 1988లో బ్యారీ శాండర్స్ పెట్టిన కాలేజీ రికార్డుకు 27 గజాలే తక్కువ. అతన్ని లాస్ వేగాస్ రైడర్స్ పిలిచారు.

ఊరంతా సంబరపడుతుంది కదా అనుకుని ఫోన్ తీశాను. మా ఆఫీసు ఫ్యాంటసీ గ్రూపు నిండా ఓదార్పులే. 'అయ్యో, రైడర్సా!' 'పాపం, పాడు ల్యాండింగ్ స్పాట్.' 'కిందటేడు పరుగు గజాల్లో అట్టడుగు జట్టు అది.'

"ఏమైంది అల్లుడుగారూ? కుర్రాడికి దెబ్బేమన్నా తగిలిందా?" అన్నారు మామగారు.

"దెబ్బ కాదండీ. పడ్డ ఇల్లు మంచిది కాదట."

ఆయన పడక్కుర్చీలోంచి లేచి నిటారుగా కూర్చున్నారు. "ఏ ఇంట్లో పడ్డాడు?"

చెప్పేలోపు గ్రూపులో ఎదురు వర్గం దిగింది. రైడర్స్‌లో పోటీ లేదు కాబట్టి బంతులన్నీ ఇతనికేనట, ఇంతకంటే మంచి స్పాట్ లేదట. అదే ఇల్లు, అదే కుర్రాడు, పది నిమిషాల్లో నీచ స్థానమూ అదే, ఉచ్చ స్థానమూ అదే. మామగారి కళ్లు మెరిశాయి. దూరదేశంలో మాతృభాష వినబడ్డవాడి మొహం అది.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఫ్యాంటసీ ఫుట్‌బాల్ అంటే అసలు ఆటగాళ్లతో మనం కాగితం మీద జట్టు కట్టుకోవడం. ఆదివారం వాళ్లు మైదానంలో చేసినదానికి మనకు పాయింట్లు. పది గజాలు పరుగెత్తితే ఒకటి, టచ్‌డౌన్ కొడితే ఆరు. 1962లో ఓక్లండ్ రైడర్స్‌లో చిన్న వాటాదారు బిల్ వింకెన్‌బాక్, మరికొందరు కలిసి న్యూయార్క్ హోటల్లో కూర్చుని దీనికి నియమాలు రాశారు. అంటే ఈ రోగం పుట్టిందీ రైడర్స్ ఇంట్లోనే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో, నిరుడు ఏకంగా కేంద్రం ఆపేశాయి గానీ, మా గ్రూపులో ఓడినవాడు పన్నెండు మందికి బిర్యానీ పెట్టాలన్నదే పందెం.

ఇందులో అందరికీ కావలసినవాడు రన్నింగ్ బ్యాక్. బంతి చంకలో పెట్టుకుని ఎదుటివాళ్ల మధ్య సందు వెతుక్కుని పరుగెత్తేవాడు. కొత్తగా వచ్చిన రన్నింగ్ బ్యాక్ అంటే మరీ మోజు. ఏప్రిల్లో డ్రాఫ్ట్ కాగానే అతను ఎంత బాగా ఆడతాడన్న మాట పక్కకుపోతుంది, ఎక్కడ పడ్డాడన్నదే శాస్త్రమవుతుంది. ఆ శాస్త్రంలో గ్రహాలు మూడు. ఆ ఇంట్లో అప్పటికే ఉన్న సీనియర్ రన్నర్ శని. ముందు నిలబడి దారి చేసే అయిదుగురు మహాకాయుల లైను గురుబలం. కోచ్ రాహువు, ఎప్పుడు ఎవర్ని మింగుతాడో తెలీదు. ఈ మూడూ ఏప్రిల్ చివరి వారంలో ఎక్కడున్నాయో చూసి సెప్టెంబరు నుంచి జనవరి దాకా కుర్రాడి బతుకు చెప్పేస్తారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుక్కి మాత్రం ఎన్ని గజాలో దశాంశాలతో సహా లెక్క సిద్ధం.

నేనేదో బయట నిలబడి నవ్వుతున్నాననుకోకండి. 2020లో నాకూ పట్టింది.

ఆ ఏడు మొదటి రౌండు మొత్తంలో పిలిపించుకున్న రన్నింగ్ బ్యాక్ ఒక్కడే, అదీ చిట్టచివరి 32వ పిలుపుకు. క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్. పిలిచింది అప్పుడే సూపర్ బౌల్ గెలిచిన కాన్సస్ సిటీ. పక్కన బంతి విసరడంలో మేటి పాట్రిక్ మహోమ్స్, పైన కోచ్ ఆండీ రీడ్. సకల గ్రహాలూ ఉచ్చలో ఉన్నాయి. జులై చివర్లో ఆ ఇంటి సీనియర్ డేమియన్ విలియమ్స్ కోవిడ్ వల్ల ఆ ఏడాది ఆడనన్నాడు, శని కూడా తనంతట తానే తప్పుకున్నాడు. నేను వినే పాడ్‌కాస్ట్‌లో గొంతులు బొంగురుపోయాయి. ఆగస్టులో జూమ్‌లో మా గ్రూపు డ్రాఫ్ట్ జరిగింది. నాది ఏడో వంతు. నా అరవై సెకన్లలో యాభై అయిదు మిగిలి ఉండగానే అతని పేరు నొక్కేశాను, పక్కవాడు ఎగరేసుకుపోతాడేమోనని. అదే ఏడు వచ్చిన ఇంకో రన్నింగ్ బ్యాక్ జొనాథన్ టేలర్ మూడో రౌండు దాకా అలాగే కూర్చున్నాడు. ఇండియనాపోలిస్‌లో మార్లన్ మాక్ ఉన్నాడు కదా, ఇంట్లో శని ఉన్నాడు కదా అని ఎవరూ ముట్టుకోలేదు.

మొదటి ఆటలో హెలేర్ 138 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. ఆ రాత్రి గ్రూపులో నేను పెట్టిన మెసేజీలు ఇప్పుడు చదవలేను. మూడు రోజుల తర్వాత ఆదివారం మార్లన్ మాక్ మడమ వెనక నరం తెగింది. ఏప్రిల్లో కొండలా కనబడ్డ శని, మొదటి వారం పూర్తి కాకుండానే ఆస్పత్రికి వెళ్లాడు. అక్టోబరులో కాన్సస్ సిటీ సీనియర్ రన్నర్ లెవియాన్ బెల్‌ను తెచ్చి హెలేర్ పక్కన కూర్చోబెట్టింది. ఏడాది చివరికి హెలేర్‌కు 803 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు. టేలర్‌కు 1,169 గజాలు, పదకొండు టచ్‌డౌన్లు. అందులో చివరి ఒక్క ఆటలోనే 253. మరుసటేడు టేలర్ 1,811 గజాలతో లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. బిర్యానీ నేనే పెట్టాను.

ఇందులో హెలేర్ తప్పేమీ లేదు, వాడి ఆట వాడు ఆడాడు. మామగారికి ఈ కథంతా చెబితే ఆయన మాస్టారు బుద్ధి పోనిచ్చుకోలేదు. "ఆ ఇల్లు అంత మంచిదే అయితే, తర్వాత అందులోకి వచ్చినవాడికీ కలిసి రావాలి కదా?" అన్నారు.

కలిసొచ్చింది. అసలు తమాషా అదే. 2022లో అదే కాన్సస్ సిటీ ఏడో రౌండులో, 251వ పిలుపుకు, ఐజయా పచేకోను తెచ్చింది. ఆ సంఖ్య దగ్గరికొచ్చేసరికి టీవీల్లో చర్చలు చేసేవాళ్లు కూడా కోట్లు విప్పేసి ఉంటారు. ఆ సీజన్ సగంలో హెలేర్ పక్కకు, పచేకో ముందుకు. 830 గజాలు, చేతికి సూపర్ బౌల్ ఉంగరం. ఇంటి మహిమ నిజమే, కానీ అది మన పిల్లాడి కోసం కట్టిన ఇల్లు కాదు. ఎవరొచ్చినా పనైపోయే ఇంట్లో ఏ ఒక్కడి అవసరమూ ఉండదు. మంచి ల్యాండింగ్ స్పాట్ అని మురిసిపోయే చోటే కుర్రాణ్ణి మార్చేయడం కూడా బహు సులువు. ఇది ఆ శాస్త్రజ్ఞులు మాత్రం చెప్పరు.

దీనికి డెన్వర్‌ను మించిన సాక్ష్యం లేదు. 1995లో అక్కడ కోచ్ మైక్ షానహన్ ఆరో రౌండులో తెచ్చుకున్న టెరెల్ డేవిస్, మూడేళ్లకు ఒక్క సీజన్లో 2,008 గజాలు పరుగెత్తాడు. 1999లో అతని మోకాలు పోతే కొత్త కుర్రాడు ఒలాండిస్ గ్యారీ 1,159 గజాలు తీశాడు. ఆ మరుసటేడు ఇంకో కొత్త కుర్రాడు, ఇతనూ ఆరో రౌండువాడే, మైక్ ఆండర్సన్ 1,487. డేవిస్ మహా ఆటగాడే, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. మరి గ్యారీ పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? షానహన్ కొడుకు కైల్ ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో కోచ్. 2021లో ఆయన మూడో రౌండులో ట్రే సర్మన్‌ను తీసుకున్నాడు. తండ్రి వంశం, కొడుకు పథకం, ఇక తిరుగులేదని మా గ్రూపులో ఇద్దరు కొట్టుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండులో ఎలైజా మిచెల్ అని ఇంకొకణ్ణీ తెచ్చాడు కైల్. మిచెల్‌కు 963 గజాలు వచ్చాయి, సర్మన్‌కు 167. ఇల్లు సరిగ్గానే చెప్పారు, మనిషినే తప్పు చెప్పారు.

2018 డెన్వర్ కథ మరీ దారుణం. మూడో రౌండులో వచ్చిన రాయిస్ ఫ్రీమన్‌కు దారి ఖాళీ అన్నారు. ఖాళీయే. ఆ దారిలో డ్రాఫ్ట్‌లో ఎవ్వరూ పిలవని ఫిలిప్ లిండ్సే 1,037 గజాలు నడిచి, మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు.

శని దోషం సంగతీ చూద్దాం. 2017లో ఆల్విన్ కమారాను న్యూ ఓర్లీన్స్ 67వ పిలుపుకు తెచ్చినప్పుడు ఇంట్లో ఒక శని కాదు, ఇద్దరు. మార్క్ ఇంగ్రమ్, ఏడ్రియన్ పీటర్సన్. పీటర్సన్‌ను అక్టోబరులో అరిజోనాకు పంపేశారు. ఇంగ్రమ్ ఉన్నాడు, ఉంటూనే ఉన్నాడు, ఆ ఏడాది తనూ వెయ్యి గజాలు దాటాడు. అయినా కమారా 81 సార్లు బంతి పట్టుకుని ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. క్లీవ్‌లాండ్‌లో నిక్ చబ్ ముందు కార్లోస్ హైడ్ ఉండేవాడు. 2018 సెప్టెంబరు చివర్లో ఓక్లండ్ మీద చబ్‌కు మూడంటే మూడుసార్లు బంతి ఇచ్చారు. 105 గజాలు, రెండు టచ్‌డౌన్లు. ఇంకో మూడు వారాలకు హైడ్‌ను జాక్సన్‌విల్‌కు పంపించేశారు. ఇల్లు మారింది. మార్చింది ఆ కుర్రాడి కాళ్లు.

ఇక రాహువు. 2023లో ఎనిమిదో పిలుపుకు అట్లాంటా తెచ్చుకున్న బిజాన్ రాబిన్సన్‌ను చూసి గ్రూపులో కొందరు ఇల్లు అమ్ముకునేదాకా వచ్చారు. అక్టోబరు 22న టాంపాలో ఆట మొత్తం మీద అతని చేతికి బంతి ఒక్కసారి వచ్చింది. మూడు గజాలు. మన లెక్కలో దశాంశం మూడు పాయింట్లు. కారణం ఆట అయ్యాక చెప్పారు: తలనొప్పి. ఆదివారం ఎవరికి తల నొస్తుందో ఏప్రిల్ జాతకంలో ఏ గడిలో రాసి ఉంటుంది? ఆ సీజన్ ముగియగానే కోచ్ ఆర్థర్ స్మిత్‌ను తీసేశారు. మరుసటేడు అదే ఊళ్లో, అదే చొక్కాతో బిజాన్ 1,456 గజాలు పరుగెత్తాడు.

చోటుకు విలువే లేదని నేననను. 2016లో ఎజికియల్ ఎలియట్ మా జట్టు కౌబాయ్స్‌కు వచ్చినప్పుడు ముందున్న లైను లీగ్‌లోనే గట్టిది. 1,631 గజాలతో అందరికంటే ముందున్నాడు. సంతోషం. కానీ అతను నాలుగో పిలుపువాడు. ఆటగాడు బలంగా ఉండి ఇల్లూ కుదిరితే అది జోస్యం కాదు, కంటికి కనబడేదే. శాస్త్రం కావలసింది కళ్లకు కనబడని చోట, అక్కడే అది చేతులెత్తేస్తుంది.

చేతులెత్తేసినా ఒప్పుకోదు, అదొక్కటే నాకు మండేది. హెలేర్ విషయంలో పాడ్‌కాస్ట్ గొంతు మరుసటి ఏప్రిల్లో ఏమందో గుర్తుంది: పద్ధతి సరైనదే, ఫలితమే తేడా వచ్చిందట. ఇది చెబితే మామగారు ఆనందం పట్టలేక తొడ చరుచుకున్నారు. "మేమూ అంతే కదా! జాతకం తప్పదు, పుట్టిన టైము తప్పు రాశారంటాం." కాసేపాగి, "కానీ మేం కనీసం పుట్టినవాడి టైము అడుగుతాం. వీళ్లు వాణ్ణొదిలేసి ఇంట్లో అద్దెకున్నవాడి వివరాలడుగుతున్నారు" అన్నారు, కాస్త చిన్నబుచ్చుకున్నట్టు.

ఆ రాత్రే 22వ పిలుపుకు ఒమారియన్ హాంప్టన్‌ను ఛార్జర్స్ తీసుకున్నారు. గ్రూపులో వెంటనే శాస్త్రం: నెల కిందటే నాజీ హారిస్‌ను తెచ్చుకున్నారు, శని బలంగా ఉన్నాడు, విలువ పడిపోయింది. మామగారు ఏ సరదాతోనో ఆ మాటలన్నీ తెల్లకాగితం మీద తేదీ వేసి రాసుకున్నారు. జులై 4 వేడుకల్లో టపాకాయల వల్ల హారిస్ కంటికి గాయమైంది. హాంప్టన్ విలువ పెరిగింది. సెప్టెంబరులో హారిస్ మడమ నరం తెగింది. హాంప్టన్ విలువ ఆకాశానికి. నేను ఎగిరి గంతేశాను, అతను నా జట్టులోనే ఉన్నాడు. అక్టోబరు మొదటి ఆదివారం హాంప్టన్ చీలమండకే దెబ్బ తగిలింది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. ఈసారి డ్రాఫ్ట్ పిట్స్‌బర్గ్‌లో. మొన్న తెనాలి నుంచి మామగారు వీడియో కాల్ చేశారు. చేతిలో ఆ కాగితమే, నాలుగు మడతలు పడి ఉంది. కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందికి చదివి, "ఆ హాంప్టన్ అబ్బాయి కాలు ఎలా ఉంది అల్లుడుగారూ, నడుస్తున్నాడా?" అన్నారు.

"తెలీదు మావయ్యగారూ," అన్నాను. "అక్టోబర్లోనే నా జట్టులోంచి తీసేశాను."