ఆఖరి గడి

గోదావరి జిల్లాల్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు మాస్టారు 9వ తరగతి పిల్లలచేత ఈ-పోర్ట్‌ఫోలియోలు మొదలుపెట్టించారు. పెద్ద హంగామా ఏమీ లేదు. గూగుల్ డ్రైవ్‌లో ఒక్కొక్కరి పేరున ఒక ఫోల్డరు. చేసిన పనిని ఫొటో తీసి అందులో పెట్టాలి, కింద మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఏం చేశాను? ఎక్కడ ఆగిపోయాను? మళ్ళీ చేస్తే ఏం మారుస్తాను? ఫొటోలు మాస్టారి ఫోన్లోనే తీసేవారు. టైపింగు రానివాళ్ళు కాగితం మీద రాసిస్తే ఆ కాగితమే ఫొటోగా ఎక్కేది. నియమం మాత్రం ఒక్కటే: పాతది తీసేయకూడదు, కొత్తది దాని కిందే రావాలి.

అసలు విలువంతా ఆ నియమంలో ఉంది. నోటుపుస్తకంలో తప్పును కొట్టేసి ఒప్పు రాస్తాం. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమూ ఉండదు. ఇక్కడ జులైలో తెలియనిదీ సెప్టెంబరులో తెలిసిందీ తేదీలతో సహా ఒకదాని కింద ఒకటి నిలిచి ఉంటాయి. తను ఎలా నేర్చుకుంటున్నాడో పిల్లవాడు తన కళ్ళతో తనే చూసుకోగలడు. ఏ మార్కుల కార్డూ ఇంతవరకు ఆ పని చేయలేదు.

క్లాసు లీడరు రాసిన మొదటి పేజీ నేను చదివాను. చురుకైన కుర్రాడు. మాస్టర్ల డైరీలు స్టాఫ్‌రూమ్ నుంచి హెడ్మాస్టరు గారి సంతకానికి మోసుకెళ్ళేదీ, తిరిగి తెచ్చేదీ అతనే. బీకరులో మంచుముక్కలు వేసి, థర్మామీటరు పెట్టి, సన్నగా వేడిచేస్తూ నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకునే ప్రయోగం అది. జులైలో ఇలా రాశాడు:

"మంచు కరుగుతోంది గానీ థర్మామీటరు సున్నా దగ్గరే ఉండిపోయింది. పాడైందనుకుని విదిలించాను. పక్క గ్రూపు వాళ్ళది తెచ్చి పెట్టాను. అదీ కదల్లేదు. రెండూ పాడైపోవు కదా. అంటే మేం ఇస్తున్న వేడి ఇంకెక్కడికో పోతోంది. ఎక్కడికో తెలీదు."

కొన్నాళ్ళకు అదే పేజీ కింద:

"ఆ వేడంతా మంచుని నీళ్ళు చెయ్యడానికే ఖర్చయిపోయింది. మొత్తం కరిగాకే థర్మామీటరు పైకి కదిలింది. దీన్ని గుప్తోష్ణం అంటారట. మళ్ళీ చేస్తే ముందు థర్మామీటరుని కాదు, నేను అనుకున్నదాన్ని అనుమానిస్తాను."

గుప్తోష్ణం నిర్వచనం ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. "రెండూ పాడైపోవు కదా" అన్న మాట ఎక్కడా దొరకదు. అది ఆ పిల్లవాడు సొంతంగా సంపాదించుకున్నది.

ఆగస్టులో మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు తనిఖీకి వచ్చారు. డైరీలూ పాఠ్యప్రణాళికలూ చూసి సంతకాలు చేశాక ఈ ఫోల్డర్లూ చూశారు, ముచ్చటపడ్డారు. సైన్సుకే ఎందుకు, అన్ని సబ్జెక్టుల్లోనూ ప్రతి వారం పెట్టించమన్నారు. ఉద్దేశం మంచిదే. మన బళ్ళకు ఇది కొత్త మాట కూడా కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన దగ్గర్నుంచీ నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్ఏ) మార్కుల్లో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒక భాగం. మాస్టర్లు రాసే పాఠ్యప్రణాళికలోనూ చివర ప్రతిస్పందనల గడి ఉంటుంది. పిల్లవాడు తనను తాను అంచనా వేసుకోవడాన్ని ప్రగతి పత్రంలో చేర్చమని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఈ ఆలోచనకు బలం ఇచ్చినవాళ్ళలో డొనాల్డ్ షాన్ అనే రచయిత ఒకరు. 1983లో వచ్చిన ఆయన పుస్తకం బడిపిల్లల గురించి కాదు. వాస్తుశిల్పులు, మానసిక చికిత్సకులు వంటివాళ్ళు తమ పనిని తామే ఎలా తరచి చూసుకుంటారన్నది దాని విషయం.

సెప్టెంబరు నుంచి ఒక్కో పిల్లవాడు వారానికి ఏడు పేజీలు ఎక్కించాలి. ఎవరు ఎక్కించారు, ఎవరు ఎక్కించలేదు అన్న పట్టిక నోటీసు బోర్డు మీద పడింది. లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు గానీ చదివేవాళ్ళు లేరు. సైన్సు మాస్టారు మాత్రం రాత్రిళ్ళు కూర్చుని తన సబ్జెక్టు పేజీలు చదివేవారు. మిగతా ఆరూ చదవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

నవంబరులో ఎంఈఓ గారు మళ్ళీ వచ్చారు. తరగతిలో పిల్లలూ మాస్టర్లూ అందరూ ఉండగా పెద్ద తెర మీద లీడరు ఫోల్డరు తెరిపించారు. థర్మామీటరు పేజీని పైకి చదివి మెచ్చుకున్నారు. తర్వాత లెక్కల పేజీ తెరిచారు.

"విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. ఆశించిన అభ్యసన ఫలితాలు సాధించబడినవి."

సాంఘికశాస్త్రంలోనూ అదే. హిందీలోనూ అదే. ఇంకో అమ్మాయి ఫోల్డరు తెరిస్తే అక్కడా అవే రెండు వాక్యాలు. తన గురించి తను రాసుకోవాల్సిన చోట ప్రతి పిల్లవాడూ 'విద్యార్థులు' అనే రాశాడు.

"ఏరా, జులైలో అంత చక్కగా రాసినవాడివి! ఇదేంటిది? అందరూ కలిసి ఏ గైడులోంచి ఎత్తారు?"

లీడరు లేచి నిలబడ్డాడు.

"గైడు కాదండి. మాస్టర్ల డైరీల్లో ఆఖరి గడిలోదండి. ఏ పాఠానికైనా అదే ఉంటాదండి."

"కనబడిందల్లా చూసి రాసేయడమేనా? అది సరైందో కాదో కాస్త ఆలోచించొద్దూ?"

"ఆలోచించామండి. నా థర్మామీటరు పేజీ మీద ఎవరి సంతకమూ లేదండి. దీని కింద వారం వారం హెడ్మాస్టరు గారి సంతకం ఉందండి. ఆగస్టులో మీరొచ్చినప్పుడు 'చాలా బాగుంది' అని రాసి మీరూ సంతకం పెట్టారండి. రెండు సంతకాలూ తప్పయిపోవు కదండి."