రచ్చకట్ట డిటెక్టివ్

శింగనమల రచ్చకట్ట మీద ఒక డిటెక్టివ్ కూర్చుని ఉంటాడు. పేరెందుకు, చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా ఇలాంటివాడు ఒకడు దొరుకుతాడు. చేనులో మోటారు కేబుల్ పోయిందంటే పోలీసులకంటే ముందే వాలతాడు. తెగిన కొసను వేళ్ల మధ్య తిప్పి చూసి, "కొడవలి కాదప్పా ఇది, కటింగ్ ప్లేయరు. మోటార్లు దించే పని తెలిసినోడే" అని తేల్చేస్తాడు. దొంగ పేరు మాత్రం చెప్పడు. చెబితే కేసు అయిపోదూ!

ఇతణ్ణి పుకార్లరాయుడని కొట్టిపారేసేవాళ్లున్నారు. చెల్లదు. పుకారుకు ఆధారం అక్కర్లేదు, ఇతనికి బండి టైరు గుర్తు కావాలి, రాగి కోసం తొడుగు కాల్చిన వాసన కావాలి. గట్టి ఆక్షేపణ వేరే ఉంది: డిటెక్టివ్‌కు గుండెలో చీకటి ఉండాలి కదా, ఎండలో చెనిక్కాయలు ఒలుచుకునేవాడికి ఎక్కణ్ణించి వస్తుంది? 1939లో అమెరికా బొమ్మల కథల్లో పుట్టిన బ్యాట్‌మన్ కన్నవాళ్ల హత్యను మోస్తూ రాత్రుళ్లు తిరుగుతాడు. 2020 నాటి 'హిట్' సినిమాలో విక్రమ్ రుద్రరాజు నిప్పు చూస్తే వణికే పోలీసు. కొమ్మూరి సాంబశివరావు పాకెట్ నవలల్లో సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కు ఇలాంటి గాయాల బెడద లేదు, అసిస్టెంట్ రాజును వెంటేసుకుని దర్జాగా కేసు ముగిస్తాడు. ఆ పాకెట్ పుస్తకాలు నమిలి పెరిగిన మనవాడూ అంత నిబ్బరంగా ఉండాలి. ఉండడు. రాత్రి నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్లు పలకరిస్తే కసురుకుంటాడు.

ఆ చీకటి మూలం నేలలోనే ఉంది. అనంతపురం సీమలో ఏడాదికి సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు, అదీ చెనిక్కాయకు ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. అప్పు చేసి వేసిన బోరులో దుమ్ము లేస్తే ముద్దాయి ఎవరు? ఎఫ్‌ఐఆర్ ఏ మేఘం మీద రాయాలి? దొరకని ఆ దొంగకు బదులు, వేలిముద్రలున్న కేబుల్ దొంగ వెంట పడతాడు మనవాడు. బ్యాట్‌మన్ చేసేదీ అదే, పోయినవాళ్లను తేలేక ఊరి దొంగలందర్నీ పడుతుంటాడు. ఇంత బరువు మోపడం దేనికి, పనిలేక కూర్చున్నాడంతే అనొచ్చు. పనిలేకపోవడానికే ఇక్కడ కరువని పేరు. అనుమానమున్నవాళ్లు వాన పడి నేల పదునైన వారంలో వెళ్లి చూడొచ్చు. రచ్చకట్ట ఖాళీ. కేబుల్ పోయిన రైతు వెతుక్కుంటూ వస్తే డిటెక్టివ్ గొర్రు తోలుతుంటాడు. "స్టేషనుకు పోప్పా, నాకు విత్తనం పనుంది" అంటాడు, తెగిన కొస వైపు చూడనైనా చూడకుండా.