దిగుమతి బావ

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో మనవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు పులిహోర పళ్ళెంతో గరాజు వైపు ఒకసారి నడవండి. నలుగురు మగవాళ్ళ మధ్య నిలబడి, ఫోన్లో ఏదో జపాను కాగితాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపిస్తున్న మనిషి కనిపిస్తాడు. ఆయనే దిగుమతి బావ. ఎవరికి బావ అని అడక్కండి. బండి కొన్నాక అందరికీ బావే అయ్యాడు.

అంతకుముందు ఈయన బతుకులో వంక పెట్టడానికేమీ లేదు. ఉద్యోగంలో చేరగానే కరోలా, పెళ్ళయ్యాక కామ్రీ, రెండో పిల్ల పుట్టాక ఒడిస్సీ. ఏ బండి కొన్నా మూడే ప్రశ్నలు: మైలేజీ ఎంత, రిపేర్లు వస్తాయా, అమ్మితే ఎంతొస్తుంది. అలాంటి మనిషి నలభై అయిదు దాటాక 1995లో తయారైన మిత్సుబిషి డెలికా స్పేస్ గేర్ మీద మనసు పడ్డాడు. ఒళ్ళు వ్యాను, కాళ్ళు పజెరోవి. పైకప్పుకి వరసగా అద్దాలు, ముందు ఇనప గొట్టాల బుల్‌బార్, వెనక నిచ్చెన. కొండలెక్కుతుంది, వాగులు దాటుతుంది. డాలస్ చుట్టుపక్కల కొండలు లేవు. వాగులున్నచోట వంతెనలున్నాయి.

‘నాకు నచ్చింది’ అని ఒక్క మాట అనేస్తే గొడవ వదిలిపోయేది. కానీ మధ్యతరగతి తెలుగు మగవాడి నోట ఆ మాట రాదు. కారణాలు కావాలి. అమ్మానాన్నా, అత్తామామా కలిసొస్తే ఎనిమిదిమందీ పడతారంటాడు. డీజిలు గనక మైలేజీ అంటాడు. అమెరికాలో డీజిలు పెట్రోలు కంటే ఖరీదన్న సంగతి ఆయనకీ తెలుసు. ఆ వాక్యం మాత్రం ఆయన లెక్కల ఎక్సెల్ షీట్‌లో ఉండదు. మిగతా కాలమ్‌లన్నీ ఉంటాయి.

ఎంపిక చేసుకునే దశలో ఈయనంత సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. మొదట సుజుకి జిమ్నీ చూశాడు. మన పోలీసుల జిప్సీకి దగ్గర చుట్టం. 660 సీసీ ఇంజను. బాస్మతి బస్తా పెడితే ఇంకో మనిషి పట్టడని బావ భార్య, అంటే మనందరికీ అక్కయ్య, కొట్టేసింది. తర్వాత లాండ్ రోవర్ డిఫెండర్. దాని ధరకంటే ఆయన్ని భయపెట్టింది 2013 నాటి సంగతి. నంబర్లు మార్చి తెచ్చిన ఒక డిఫెండర్‌ని అమెరికా కస్టమ్స్‌వాళ్ళు అందరూ చూస్తుండగా నలిపి తుక్కు చేశారు. ఆ వీడియో చూసినరోజు బావ అన్నం తినలేదట. ఆనక డీజిలు ప్రాడో, హైలక్స్ సర్ఫ్, నిస్సాన్ పాట్రోల్. ఒక్కోదాన్నీ వారం పది రోజులు ప్రేమించి, చివరికి డెలికా దగ్గర ఆగాడు.

ఈ బండ్లన్నీ పాతవే ఎందుకంటే చట్టం అలాంటిది. 1980ల్లో యూరప్ బెంజిలూ బీఎండబ్ల్యూలూ ఇక్కడి డీలర్లతో పనిలేకుండా ఓడల్లో దిగిపోతుంటే 1988లో అమెరికా ఆ తలుపు బిగించింది. ఇక్కడి భద్రతా ప్రమాణాలకి తయారుకాని బండిని మార్పులు చెయ్యకుండా తేవాలంటే పాతికేళ్ళు నిండాలి. మోడల్ సంవత్సరంతో పనిలేదు, తయారైన నెలతో సహా లెక్క. పొగ సంగతి చూసే ఈపీఏకి మాత్రం, ఇంజను అసలుదే అయితే, 21 ఏళ్ళు చాలు. హెచ్ఎస్-7 ఫారంలో మొదటి గడిలో టిక్కు పెట్టాలని బావకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

జపానులో బండిని వేలం వేసేటప్పుడు ఇచ్చే కాగితం దగ్గరికొస్తే మాత్రం ఆయనలో పెళ్ళిళ్ళ పేరయ్య లేస్తాడు. పుట్టిన నెల చూస్తాడు, గ్రేడు చూస్తాడు, దోషాలు లెక్కపెడతాడు. కాగితం మీద బండి బొమ్మ ఉంటుంది, దాని మీద అక్షరాలు. ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, ఎస్ అంటే తుప్పు, సీ అంటే తుప్పు తినేసినచోటు. పక్కన ఒకటి వేస్తే సరిపెట్టుకోవచ్చు, మూడు వేస్తే సంబంధం వదులుకోవాలి. గ్రేడు నాలుగైతే మంచి ఇల్లు. ఆర్ అని ఉంటే ఎక్కడో గుద్దుకుని బాగుచేయించుకున్నది, అంటే గతం ఉన్నట్టు. తేదీలు జపాను చక్రవర్తి శకంలో ఉంటాయి: హెయ్‌సెయ్ 7 అంటే 1995. ఇప్పుడు నడుస్తున్న తెలుగు సంవత్సరం పేరు అడిగితే తడుముకునే మనిషి, హెయ్‌సెయ్ అంకెకి 1988 కలపడం మాత్రం నోటితో చేసేస్తాడు.

జపాన్‌వాళ్ళు ఇంత మంచి బండి ఎందుకు వదిలేస్తారని నేనడిగాను. అడగకుండా ఉండాల్సింది. ‘షకెన్’ అనే తనిఖీ మీద అరగంట చెప్పాడు. కొత్త కారుకి మూడేళ్ళకి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి, ప్రతిసారీ డబ్బు. దానికి తోడు ముసలి బండికి పన్ను పెంపు. అక్కడివాళ్ళు విసిగిపోయి వేలానికి పంపితే ఇక్కడ బావలు చేతులు చాపుకుని కూర్చుంటారు.

వేలంలో ధర చవగ్గానే ఉంటుంది. ఆ తర్వాత ఏజెంటు కమిషను, రేవుదాకా లారీ, ఓడ కిరాయి, కస్టమ్స్ బ్రోకరు, చివర సుంకం. మనుషులు కూర్చునే బండికి మామూలు సుంకం 2.5 శాతం. అదే ట్రక్కు అయితే 25 శాతం, 1964 నుంచి. యూరప్‌వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం వేశారన్న కోపంతో అమెరికా ట్రక్కుల మీద వేసింది. కోళ్ళ తగాదా ఎప్పుడో మరుగునపడింది గానీ పన్ను అలాగే ఉంది. కోడిపందేల జిల్లావాడు కావడంవల్ల బావకి ఈ భాగం ప్రత్యేకంగా ఇష్టం.

బండి ఓడెక్కాక ఇంట్లో వేరే కాలం మొదలైంది. ఓడ ఎక్కడుందో ఫోన్లో చుక్కగా కనిపిస్తుంది. పనామా కాలువ దగ్గర ఓడ క్యూలో ఆగిన రోజు ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేశాడు. కొడుకు పరీక్ష ఏ రోజో తెలియదు, ఓడ గాల్వెస్టన్ చేరే గంట తెలుసు.

వచ్చింది. స్టీరింగు కుడివైపు. ‘హైదరాబాద్‌లో నేర్చుకున్న చెయ్యి’ అని బావ మీసం తడుముకున్నాడు. నిజమే, ఇండికేటరు కూడా మన బండ్లలాగా కుడిచేతి కిందే. చిక్కేమిటంటే సోమవారం కామ్రీ, మంగళవారం డెలికా. అందుచేత టెక్సాస్ ఎండలో వానచుక్క లేకుండా ఆయన వైపర్లు ఆడుతుంటాయి. ఇక్కడ కుడి స్టీరింగు బండి అంటే పోస్టువాళ్ళదని జనం నమ్మకం. వీధి చివర ముసలాయన రెండుసార్లు ఉత్తరాలు చేతికిచ్చాడు. బావ తీసుకెళ్ళి పోస్టుడబ్బాలో వేసొచ్చాడు. డ్రైవ్‌త్రూలో కాఫీ అందుకునే ఉద్యోగం అక్కయ్యది. గుళ్ళో బండిపూజ నాడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పంతులుగారు ఎడమ కిటికీ దగ్గరికొచ్చి ‘అమ్మా, రెండడుగులు ముందుకి పోనీయండి’ అన్నారు. ‘ఆయనకి చెప్పండి పంతులుగారూ, నాకిక్కడ గ్లవ్ బాక్సే ఉంది’ అంది అక్కయ్య.

ఇన్సూరెన్సు ఇంకో కథ. ఇక్కడి కంప్యూటరుకి 17 అక్షరాల నంబరు కావాలి. డెలికా దగ్గరున్నది పీడీ8డబ్ల్యూతో మొదలయ్యే పొట్టి చాసిస్ నంబరు. ఏజెంటు పిల్ల ‘మిగతాది చెప్పండి సార్’ అంటుంది, ఈయన ‘ఇంతేనమ్మా’ అంటాడు. మూడు కంపెనీలు ఇలా గడిచాయి.

రెండు టన్నుల బండి, 125 హార్స్‌పవర్. టోల్‌వే మీద అందరూ ఎనభై మైళ్ళలో పోతుంటే ఈయన అరవైలో కుడి లేను పట్టుకుని దర్జాగా వెళ్తాడు. మొదటి ఆగస్టులోనే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచింది. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి ఆ సంగతి ముందు కాళ్ళకి తెలిసింది. దగ్గర్లోని మెకానిక్కులు సీటెత్తి చూసి, మర్యాదగా దించేశారు. అప్పుడు బావకి విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది.

చిన్ననాటి స్నేహితుడి ద్వారా అక్కడి మెకానిక్‌కి వీడియో కాల్. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున్న. ఫోను ఇంజను మీద పెట్టాడు. అవతలాయన పది సెకన్లు విన్నాడు.

‘పజెరో ఇంజనే కదండీ ఇది? టూ పాయింట్ ఎయిట్?’

నిజంగా అదే. 4ఎం40. హిందుస్థాన్ మోటార్స్ చెన్నై దగ్గర తిరువళ్ళూరులో తయారుచేసిన పజెరోలో ఉన్నది ఆ ఇంజనే. మన నాయకుల కాన్వాయ్‌లలో తిరిగిన బండి. డాలస్ మొత్తంలో దిక్కులేని ఇంజనుకి ఆటోనగర్‌లో వైద్యుడున్నాడు.

‘వేడి ఎక్కనివ్వకండి సార్, హెడ్డు పగుల్తుంది. నీళ్ళ గొట్టాలన్నీ మార్చేయండి. రేడియేటరు లోపల కడిగించారా? ఎండలో ఏసీ వేసుకుని తొక్కితే ఏ ఇంజనైనా ఏడుస్తుందండీ’ అన్నాడాయన. డబ్బులడగలేదు. ‘బండి ఫోటో ఒకటి పంపండి, మా కుర్రాళ్ళకి చూపిస్తా’ అన్నాడు. ఆ వేసవిలో వచ్చిన మావగారి సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన గ్యాస్కెట్లూ ఫిల్టర్లూ దిగాయి. కస్టమ్స్‌లో ఆపింది ఆవకాయ గురించే.

ఇంతకీ కొండలెక్కాడా? కూచిపూడి క్లాసు వెనక కంకర పార్కింగు ఉంది. అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తాడు. ఎనిమిది సీట్లలో పిల్లలెవరూ ఎక్కరు. స్నేహితులు చూస్తే నామోషీ అట.

భీమవరంలో వాళ్ళ నాన్నగారికి బండి ఫోటో పంపితే ఫోను చేశారు. ‘ఒరేయ్, ఉద్యోగం బాగానే ఉందా?’ అని తొలి ప్రశ్న. తర్వాత కొంచెం ఇష్టం పుట్టి, ‘వచ్చేసేటప్పుడు దీన్ని ఇక్కడికి తెచ్చేయ్, పొలం గట్టుకి బాగుంటుంది’ అన్నారు. కుదరదు. పాత కారు మన దేశంలో దిగాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, అదీ ముంబయి రేవులోనే. స్టీరింగు కుడివైపు ఉండాలన్న షరతు మాత్రం డెలికా నెగ్గింది. పాతికేళ్ళు నిండితే గాని అమెరికా రానివ్వదు, మూడేళ్ళు దాటితే ఇండియా రానివ్వదు. రిటైరయ్యాక భీమవరం వెళ్ళిపోతానని పదేళ్ళుగా అంటున్న బావ, ఈ సంగతి తెలిశాక ఆ మాట తగ్గించాడు.

మీకూ ఈ బుద్ధి పుడితే నేనాపను. వేలంపాటకి ముందే మీ రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఆఫీసుకీ ఇన్సూరెన్సుకీ ఫోన్ చేసి, పొట్టి నంబరు చెల్లుతుందో లేదో కనుక్కోండి. హొక్కైడోలాంటి మంచు ప్రాంతాల్లో ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగిన బండికి తుప్పు అడుగునే ఉంటుంది, కింద నుంచి తీసిన ఫోటోలు అడగండి. కాలిఫోర్నియాలో ఉంటే 1997 తర్వాతి డీజిలు జోలికి పోకండి. ఇంట్లోవాళ్ళు ఎందుకు కొన్నావంటే మైలేజీ అని చెప్పకండి, నచ్చిందని చెప్పండి. కామ్రీ మాత్రం అమ్మకండి.